పన్ను తీసిన తరువాత: జ్ఞానదంత వేదన – వైద్యచరిత్ర, భాష

వ్యాససంగ్రహం

పన్ను తీసే క్షణంలోని నొప్పిని జయించిన కథ వైద్యచరిత్రలో ప్రసిద్ధం. తీసిన తరువాత రోజుల తరబడి నిలిచే నొప్పికి అటువంటి చరిత్ర రచన తక్కువ. జ్ఞానదంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ రెండో నొప్పిని వైద్యం ఎప్పుడు గమనించింది, ఎప్పుడు విస్మరించింది, ఏ పేర్లతో గుర్తించింది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సుశ్రుతసంహిత, సెల్సస్ గ్రంథం, 1844 నాటి హార్ట్‌ఫర్డ్ ఘటన, హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు, 1896లో వచ్చిన ‘డ్రై సాకెట్’ అన్న పేరు, 1970ల నాటి నొప్పి కొలతలు ఇందులో ప్రధానాధారాలు. చివరి భాగం తెలుగులోని నొప్పి మాటలు ఈ చరిత్రకు చేర్చగల అంశాలను చర్చిస్తుంది.

కీలక పదాలు: జ్ఞానదంతం, అధిమాంసం, దంతోత్పాటనం, డ్రై సాకెట్, నొప్పి పదజాలం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

‘ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి’ అన్నది తెలుగువారి నోట నానిన సామెత. పన్ను ఊడటం ఒక్క దెబ్బతో ముగిసే సంఘటన అన్న భావన ఇందులో ఉంది. దంతవైద్య చరిత్రలు కూడా చాలావరకు ఇదే భావనతో నడిచాయి. పన్ను పీకే పరికరాలు, పీకేవారి నైపుణ్యం, మత్తుమందు ఆవిష్కరణ వాటిలో ప్రధాన ఘట్టాలు. రోగి కుర్చీలోంచి లేచి ఇంటికి వెళ్ళడంతో ఆ కథ ముగుస్తుంది.

రోగి అనుభవం మాత్రం అక్కడ ముగియదు. జ్ఞానదంతం తీయించుకున్నవారికి మత్తు దిగిన కొన్ని గంటలకే అసలు నొప్పి మొదలవుతుంది. వాపు రెండు, మూడు రోజుల్లో పతాకస్థాయికి చేరుతుంది. దవడ బిగుసుకొని నోరు తెరుచుకోదు. మూడో రోజు నుంచి నొప్పి తగ్గుముఖం పట్టాలి. కొందరిలో అది సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. చెవి దాకా, కణత దాకా పాకుతుంది. ఇంకా కొద్దిమందిలో నెలలు గడిచినా పోదు.

ఈ తరువాతి నొప్పికి పేరు దొరకడానికి పట్టిన కాలమే ఈ వ్యాసానికి ప్రధాన విషయం. నొప్పి పరుల కంటికి కనిపించదు. దానికి ఉన్న సాక్ష్యం చాలావరకు బాధితుని మాటే. పేరు లేని నొప్పిని చెప్పుకొనే మనిషి ఓర్పులేనివాడిగానో, భయస్థుడిగానో లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. పేరు వచ్చిన తరువాత అదే మాట రోగలక్షణంగా నమోదవుతుంది. కనుక ఇక్కడ నామకరణం రోగి మాటకు విలువ దక్కడానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

2. దంతం పేరు: వయస్సా? స్థానమా?

అన్ని పళ్ళ కంటే ఆలస్యంగా, సుమారు 17 నుంచి 25 ఏళ్ళ మధ్య మొలిచే మూడో దవడ పంటిని నేటి తెలుగు జ్ఞానదంతం అంటోంది. లాటిన్‌లోని ‘దెన్స్ సపియెంతియె’, ఆంగ్లంలోని ‘విజ్డమ్ టూత్’, హైదరాబాదు ప్రాంతంలో వినిపించే ఉర్దూ మాట ‘అఖల్ దాఢ్’ – ఇవన్నీ బుద్ధి వికసించే వయస్సుతో ఆ పంటిని ముడిపెట్టిన పేర్లే.

అరిస్టాటిల్ తన జంతుచరిత్రలో ఈ పళ్ళు స్త్రీపురుషులిద్దరికీ 20 ఏళ్ళ ప్రాయంలో వస్తాయని రాశాడు. 80 ఏళ్ళు దాటిన స్త్రీలకు సైతం జీవితపు చివరి దశలో ఇవి మొలిచి తీవ్రమైన బాధ కలిగించిన సందర్భాలున్నాయని చేర్చాడు. దంతం వయస్సును, దాని వెంట వచ్చే బాధను ఒకేచోట చెప్పిన పురాతన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

సుశ్రుతసంహిత దృష్టి వేరు. నిదానస్థానంలోని 16వ అధ్యాయం ముఖరోగాలను వివరిస్తుంది. అందులో ‘అధిమాంసం’ లేదా ‘అధిమాంసకం’ అనే వ్యాధి ఉంది. దవడలో అన్నిటికంటే వెనుక ఉన్న పంటి దగ్గర పెద్ద వాపు, తీవ్రమైన నొప్పి, లాలాస్రావం దీని లక్షణాలు. దీనికి కారణం కఫం. సగం మొలిచిన జ్ఞానదంతం మీద చిగురు కప్పుకొని వాచే స్థితితో ఈ వర్ణనను నేటి దంతవైద్యులు పోల్చుతున్నారు. అదే అధ్యాయంలో ‘వర్ధనం’ అనే మరో వ్యాధి ఉంది. వాతం వల్ల అధికంగా ఒక దంతం తీవ్రవేదనతో పుడుతుంది. అది బయటికి రాగానే నొప్పి శమిస్తుంది. ఇది జ్ఞానదంతమే అని నిశ్చయించడానికి ఆ వర్ణన ఒక్కటే చాలదు. అయినా మొలిచే పంటికీ నొప్పికీ ఉన్న కాలసంబంధాన్ని ఈ లక్షణం స్పష్టంగా పట్టుకొంది.

ఈ రెండు సంప్రదాయాల్లో ఒకటి పంటికి వయస్సును బట్టి పేరు పెట్టింది. మరొకటి పంటికి వేరే పేరు పెట్టకుండా స్థానంతో సూచించి, అక్కడ పుట్టే బాధకు పేరు పెట్టింది. ఆధునిక తెలుగు మొదటి మార్గాన్ని స్వీకరించింది. అధిమాంసం అన్న మాట ఆయుర్వేద గ్రంథాలకే పరిమితమై, జ్ఞానదంతం అన్న మాట వ్యవహారంలో స్థిరపడింది.

3. ప్రాచీనుల జాగ్రత్త: తీసిన తరువాత ఏమవుతుంది?

మత్తుమందు లేని కాలంలో పన్ను తీయడం భయంకరమైన అనుభవమే. అయినా ప్రాచీన గ్రంథాలు ఆ క్షణం కంటే దాని పర్యవసానాల మీద ఎక్కువ దృష్టి నిలిపాయి.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 22వ అధ్యాయంలో దంతోత్పాటన ప్రసక్తి ఉంది. నాడీవ్రణం ఏర్పడిన పంటిని తీయాలి. ఉపేక్షిస్తే వ్రణమార్గం దవడ ఎముకను భేదిస్తుంది. విరిగిన పంటినైనా మూలంతో సహా తీయాలి. వెంటనే ఒక హెచ్చరిక వస్తుంది: గట్టిగా పాతుకొని ఉన్న పై పంటిని మూలంతో పెకలిస్తే అతిరక్తస్రావం వల్ల ఘోరవ్యాధులు పుడతాయి, చూపు పోవచ్చు, అర్దితం అనే ముఖవాతం రావచ్చు. అందుచేత పై పన్ను కదులుతున్నా వైద్యుడు దాన్ని తీయరాదు. ఈ కార్యకారణ సంబంధాన్ని నేటి వైద్యం అంగీకరించదు. అయితే ఆలోచన తీరు గమనింపదగినది. తీయకపోతే వచ్చే హాని, తీస్తే వచ్చే హాని – ఈ రెంటినీ తూచి చూసిన తరువాతనే శస్త్రం పట్టాలన్నది అక్కడి నియమం.

అధిమాంస చికిత్సలోనూ ఇదే క్రమం. పెరిగిన మాంసాన్ని ఛేదించడంతో పని ముగియదు. వస, తేజోవతి, పాఠ, సర్జక్షారం, యవక్షారం చూర్ణాలను తేనెతో కలిపి పూయాలి. పిప్పలి, తేనెలతో కబళం పట్టాలి. పటోల, త్రిఫల, వేప కషాయంతో కడగాలి. దంతరోగి పుల్లని పండ్లు, చన్నీళ్ళు, రూక్షాన్నం, పళ్ళు తోముకోవడం, మిక్కిలి గట్టి పదార్థాలు మానాలన్న పథ్యనియమం కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. గట్టి ఆహారం వద్దన్న సూచన నేటి సలహాతో కలుస్తుంది. చన్నీటి నిషేధం కలవదు. పోలిక ఎంతవరకన్నది అటుంచితే, ఛేదన తరువాతి దినాలు చికిత్సలో భాగమన్న స్పృహ ఇక్కడ నిస్సందేహంగా కనిపిస్తుంది.

క్రీ.శ. మొదటి శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత సెల్సస్ పంటినొప్పిని మహాయాతనల్లో ఒకటిగా లెక్కించాడు. తన వైద్యగ్రంథం ఏడో భాగంలో దంతోత్పాటనం గురించి చెబుతూ, తీసిన తరువాత రక్తం అధికంగా కారితే ఎముక ముక్క విరిగిందని గ్రహించాలన్నాడు. శలాకతో వెదికి ఆ ముక్కను తీయాలి. వెంటనే తీయకపోతే దవడ వెలుపల గట్టిపడి రోగి నోరు తెరవలేడు. అప్పుడు పిండి, అత్తిపండు కలిపిన వేడి పట్టు వేసి, చీము చేరిన తరువాత చిగురును కోయాలి. దవడ బిగుసుకుపోవడం, వాపు, చీము – తరువాతి దినాల రోగచిత్రం ఇందులో దాదాపు పూర్తిగా ఉంది.

ఈ గ్రంథాలు రోగి నొప్పిని రోగి మాటల్లో నమోదు చేయలేదు. వాటికి కావలసినవి కంటికి కనిపించే గుర్తులు: రక్తం, వాపు, చీము, తెరుచుకోని నోరు. కనిపించే గుర్తేదీ లేకుండా నొప్పి మాత్రమే మిగిలిన సందర్భానికి వాటిలో చోటు లేదు. ఆ లోటు 19వ శతాబ్దం చివరిదాకా తీరలేదు.

4. 1844 డిసెంబరు 11: ఒక జ్ఞానదంతం

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ పట్టణం. 1844 డిసెంబరు 10న గార్డ్‌నర్ క్విన్సీ కోల్టన్ అనే ప్రదర్శకుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువును ప్రేక్షకుల చేత పీల్పించి వినోద ప్రదర్శన ఇచ్చాడు. వాయువు పీల్చిన శామ్యూల్ కూలీ అనే యువకుని కాలికి గాయమైంది. మత్తు దిగేవరకు అతనికి ఆ సంగతి తెలియలేదు. ప్రేక్షకుల్లో ఉన్న దంతవైద్యుడు హొరేస్ వెల్స్ దీన్ని గమనించాడు. మరునాడే తన జ్ఞానదంతాన్ని తీయించుకోవడానికి సిద్ధపడ్డాడు. కోల్టన్ వాయువు పట్టాడు. జాన్ రిగ్స్ పన్ను తీశాడు. వెల్స్‌కు సూదిగుచ్చినంత బాధ కూడా తెలియలేదని చెబుతారు.

1845లో బోస్టన్‌లో వైద్యవిద్యార్థుల ఎదుట వెల్స్ చేసిన ప్రదర్శన విఫలమైంది. రోగి అరవడంతో సభ ఎగతాళి చేసింది. 1846 అక్టోబరు 16న అదే నగరంలో విలియమ్ మోర్టన్ ఈథర్‌తో చేసిన ప్రదర్శన విజయవంతమై చరిత్రకెక్కింది. వెల్స్ 1848లో విషాదకరంగా మరణించాడు. 1864లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ అతని ప్రాథమ్యాన్ని గుర్తించింది.

తరువాతి మెట్లు వేగంగా వచ్చాయి. 1884లో కార్ల్ కొల్లర్ కంటి శస్త్రచికిత్సకు కొకైన్ ద్రావణాన్ని ఉపయోగించాడు. కొద్దికాలానికే విలియమ్ హాల్‌స్టెడ్ దాన్ని దవడ నాడి దగ్గర సూదితో ఎక్కించి దవడను మొద్దుబార్చే పద్ధతిని చూపించాడు. 20వ శతాబ్దారంభంలో ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ రూపొందించిన ప్రొకెయిన్, 1943లో నిల్స్ లొఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడొకెయిన్ ఆ మార్గాన్ని సుగమం చేశాయి.

ఆధునిక స్పర్శనాశక చరిత్ర ప్రారంభ ఘట్టాల్లో ఒకటి జ్ఞానదంతోత్పాటనమే కావడం విశేషం. ఆ ఘట్టాన్ని చెప్పే కథనాలు వెల్స్ కుర్చీలో ఉన్న కొద్ది నిమిషాలను వర్ణిస్తాయి. వాయువు ప్రభావం కూడా అంతసేపే ఉంటుంది. ఆ రాత్రి, మరునాడు, మూడోనాడు అతని దవడ ఎలా ఉందన్న ప్రశ్న వాటిలో రాదు. నొప్పిలేని దంతోత్పాటనం అన్న మాటకు అర్థం ఆ నిమిషాలకే కుదించుకుపోయింది. శస్త్రచికిత్స సులభమైనకొద్దీ లోతుగా పూడుకొన్న దంతాలను ఎముక తొలిచి తీయడం సాధ్యమైంది. ఆ ప్రక్రియలో ఎముకకు కలిగే గాయం ఎక్కువ. తరువాతి నొప్పికి అవకాశమూ ఎక్కువ. క్షణవేదనపై సాధించిన విజయమే దీర్ఘవేదనకు కొత్త అవకాశాన్ని కల్పించిందని చెప్పవచ్చు.

5. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు: నాటి వైద్యం అడిగిన ప్రశ్న

స్పర్శనాశకాల గురించి 19వ శతాబ్దపు వైద్యం ఏ ప్రశ్నలు వేసిందో తెలుసుకోవడానికి హైదరాబాదు చరిత్ర మంచి ఆధారం. హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాంను గట్టిగా సమర్థించాడు. అది గుండెను ఆపి చంపుతుందా, శ్వాసను ఆపి చంపుతుందా అన్న వివాదాన్ని తేల్చడానికి నిజాం ప్రభుత్వ పోషణలో 1888లో మొదటి కమిషన్, 1889లో రెండో కమిషన్ జంతువులపై ప్రయోగాలు జరిపాయి. రెండోదానికి ‘లాన్సెట్’ పత్రిక ప్రతినిధిగా లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. నిజాం ఇందుకు 1000 పౌండ్లు సమకూర్చాడు. ఆ పాఠశాలలో శిక్షణ పొంది, మత్తు ఇవ్వడంలో నిపుణురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీకి ఈ కృషిలో భాగముంది.

శ్వాసను గమనిస్తూ ఉంటే క్లోరోఫాం సురక్షితమని కమిషన్ తేల్చింది. ఆ మందు గుండె లయను కూడా ప్రాణాంతకంగా చెదరగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపడంతో ఆ నిర్ణయం బలం కోల్పోయింది. మత్తులో ఉన్న మనిషి బతుకుతాడా అన్నది ఆ కాలానికి ప్రాణప్రశ్న. దానికే ప్రాధాన్యం దక్కడం సహజం. మత్తు దిగిన మనిషి ఎలా ఉంటాడన్న ప్రశ్న అప్పటికి పరిశోధనాంశం కాలేదు. హైదరాబాదు కమిషన్లు ఇందుకు మినహాయింపు కావు; అవి తమ కాలపు దృష్టికి ప్రతినిధులు.

6. 1896: గుంటకు పేరు

1896లో జేమ్స్ యంగ్ క్రాఫర్డ్ అనే అమెరికన్ దంతవైద్యుడు ‘డెంటల్ కాస్మోస్’ పత్రికలో ‘డ్రై సాకెట్’ అన్న పేరుతో ఒక స్థితిని వర్ణించాడు. పన్ను ఊడిన గుంటలో నిలవవలసిన రక్తపు గడ్డ నిలవక, ఎముక బయటపడి, తీవ్రమైన నొప్పి కలగడం దాని సారాంశం. పన్నులు తీయడం మానవజాతికి వేల ఏళ్ళుగా తెలుసు. అందులో తరచుగా ఎదురయ్యే ఒక పర్యవసానానికి వృత్తిసాహిత్యంలో ప్రత్యేకమైన పేరు స్థిరపడింది మాత్రం వెల్స్ ప్రయోగం జరిగిన 52 సంవత్సరాలకు.

ఆ తరువాత పేర్లు పెరిగాయి. ‘ఆల్వియోలైటిస్ సిక్కా డోలొరోసా’, ‘స్థానిక ఆస్టియైటిస్’, ‘ఫైబ్రినొలిటిక్ ఆల్వియోలైటిస్’ వాటిలో కొన్ని. ఆంగ్లపు వాడుకపేరు గుంట స్థితిని చెబుతుంది: అది పొడిగా ఉంది. చివరి పేరు జీవరసాయన కారణాన్ని చెబుతుంది. లాటిన్ పేరు మాత్రమే ‘డోలొరోసా’ అన్న విశేషణంతో వేదనను పేరులో నిలుపుకొంది. వృత్తివ్యవహారంలో మిగిలింది వేదన ప్రసక్తి లేని పొట్టిపేరు. తెలుగు పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ ‘డ్రై సాకెట్’ అన్న రూపమే వాడుకలో ఉంది.

7. నొప్పికి కారణాన్వేషణ

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కింది ఎముకకు, నాడి కొసలకు కవచంగా నిలుస్తుంది. వారం రోజుల్లో దాని స్థానంలో కొత్త కణజాలం అల్లుకొంటుంది. ఎముక పూడటానికి నెలలు పడుతుంది. గడ్డ ముందే కరిగిపోతే ఈ క్రమమంతా దెబ్బతింటుంది.

గడ్డ ఎందుకు కరుగుతుందన్న ప్రశ్నకు డెన్మార్క్ పరిశోధకుడు బిర్న్ 1973లో సమగ్రమైన సమాధానం ఇచ్చాడు. గాయపడిన ఎముక కణజాలం నుంచి వెలువడే పదార్థాలు రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తాయి. అది గడ్డను నిలిపి ఉంచే ఫైబ్రిన్ పోగులను కరిగిస్తుంది. ఈ క్రమంలోనే నొప్పి పుట్టించే కైనిన్లు విడుదలవుతాయి. అంటే గడ్డ పోవడానికీ నొప్పి పుట్టడానికీ మూలం ఒకటే అన్నది అతని సిద్ధాంతం. పొగతాగడం, కష్టసాధ్యమైన శస్త్రచికిత్స, గర్భనిరోధక మాత్రలు ఈ ప్రమాదాన్ని పెంచుతాయని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. సాధారణ దంతోత్పాటనాల్లో 1 నుంచి 5 శాతం, కింది దవడ జ్ఞానదంతాల విషయంలో కొన్ని అధ్యయనాల్లో 30 శాతం దాకా ఈ స్థితి ఏర్పడుతుందని లెక్కలున్నాయి.

2002లో బ్లమ్ దీనికి ప్రామాణిక నిర్వచనం ప్రతిపాదించాడు. పన్ను తీసిన తరువాత ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీవ్రత పెరిగే నొప్పి, దానితోపాటు గడ్డ పాక్షికంగానో పూర్తిగానో చెదిరిపోవడం అందులోని ప్రధానాంశాలు. నొప్పి అక్కడ మొదటి లక్షణం. ఉన్నదా లేదా అన్నదానితోపాటు, తగ్గవలసిన వేళ పెరుగుతోందా అన్నది కూడా అందులో లెక్కకు వచ్చింది. మూడోరోజు ఎక్కువైందని రోగి చెప్పే మాట ఈ నిర్వచనంతో రోగనిర్ణయానికి ఆధారమైంది.

చికిత్స సరళమైనదే: గుంటను కడగడం, యూజినాల్ వంటి ఉపశమన ద్రవ్యంతో కట్టు పెట్టడం, నొప్పిమాత్రలు ఇవ్వడం. యూజినాల్ లవంగనూనెలోని ప్రధాన ద్రవ్యం. పంటిపోటుకు లవంగం పెట్టుకొనే గృహవైద్యానికీ దంతవైద్యశాలలోని కట్టుకూ ఇక్కడ చుట్టరికం ఉంది.

8. కొలతగా మారిన నొప్పి

1970లలో ఈ నొప్పి చరిత్ర అనూహ్యమైన మలుపు తిరిగింది. ఆస్పిరిన్ వర్గపు మందులు ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని ఆపడం ద్వారా పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. ఇందుకు 1982లో నోబెల్ బహుమతి లభించింది. ఏ మందు నొప్పిని ఎంత తగ్గిస్తుందో మనుషులలో కొలవడానికి నమ్మదగిన పరీక్షాస్థలం కావలసివచ్చింది. 1976లో కూపర్, బీవర్ అనే పరిశోధకులు జ్ఞానదంతం తీయించుకొన్నవారి నొప్పిని ఇందుకు నమూనాగా ప్రతిపాదించారు.

ఈ ఎంపికకు బలమైన కారణాలున్నాయి. జ్ఞానదంతం తీయించుకొనేవారు ఎక్కువగా యువకులు, ఇతర వ్యాధులు లేనివారు. శస్త్రచికిత్స అందరికీ దాదాపు ఒకే విధంగా ఉంటుంది. మత్తు దిగగానే మధ్యస్థంగానో తీవ్రంగానో నొప్పి తప్పక వస్తుంది. ఐబుప్రొఫెన్ మొదలుకొని అనేక నొప్పిమందుల సామర్థ్యాన్ని ఈ నమూనాపై పరీక్షించారు. నేడు తలనొప్పికో నడుమునొప్పికో వేసుకొనే మాత్రల వెనుక జ్ఞానదంతం తీయించుకొన్న వేలమంది అనుభవం ఉంది. ఒకనాడు పేరైనా లేని నొప్పి ఇతర నొప్పులకు కొలబద్దగా మారింది.

కొలతకు ఒక పరిమితి ఉంది. ఆ పరీక్షలు ప్రధానంగా మొదటి గంటలను కొలిచాయి. రోగి తన నొప్పిని అంకెగానో, గీత మీద గుర్తుగానో, నాలుగైదు మాటల్లో ఒకటిగానో చెప్పాలి. మూడోరోజు నొప్పి, మూడోనెల నొప్పి ఆ చట్రంలో ఇమడవు.

మందుల వల్ల కొత్త హాని కూడా పుట్టింది. అమెరికాలో జ్ఞానదంతం తీసిన తరువాత ఓపియాయిడ్ మాత్రలు రాయడం వాడుకైంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆ మందులు తీసుకొన్న యువతలో 1.3 శాతం మంది తరువాత కూడా వాటి వాడకం కొనసాగించారు. తీసుకోనివారిలో ఇది 0.5 శాతం. ఐబుప్రొఫెన్ వర్గపు మందులను ఒంటరిగా గాని, పారాసిటమాల్‌తో కలిపి గాని మొదట వాడాలని 2024 నాటి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ మార్గదర్శకాలు సూచించాయి.

9. తీయాలా, ఉంచాలా?

20వ శతాబ్దం ఉత్తరార్ధంలో బాధ పెట్టని జ్ఞానదంతాలను కూడా ముందుజాగ్రత్తగా తీసే అలవాటు కొన్ని దేశాల్లో ప్రబలింది. ఆరోగ్యంగా ఉన్న, ఏ వ్యాధీ లేని పూడుకొన్న జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం మానాలని బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ 2000లో ఆదేశించింది. శస్త్రచికిత్స వల్ల కలిగే నొప్పి, వాపు, నాడీగాయం వంటి హానిని ఎదుర్కోవడానికి తగిన ప్రయోజనం కనిపించడం లేదన్నది దాని వాదం. ఈ విధానంపై వాదోపవాదాలు కొనసాగుతున్నాయి. తీయకుండా ఉంచిన దంతం పక్కపంటిని పాడుచేయవచ్చని విమర్శకులు అంటారు. తీస్తే వచ్చే హానినీ, ఉంచితే వచ్చే హానినీ పక్కపక్కన పెట్టి తూచడం సుశ్రుతుని నాటి పద్ధతి. ఆధారాలు మారాయి, ప్రశ్న తిరిగి వచ్చింది.

కింది జ్ఞానదంతానికి దగ్గరలో నాలుకకు, కింది పెదవికి స్పర్శజ్ఞానాన్నిచ్చే నాడులు వెళ్తాయి. వాటికి గాయమైతే తిమ్మిరి, మంట, ముట్టుకొంటే జివ్వుమనే బాధ నెలల తరబడి ఉండవచ్చు. గుంట పూడి, చిగురు మూసుకొన్న తరువాత కూడా మిగిలే ఈ నొప్పికి వర్గీకరణలో చోటు మరీ ఆలస్యంగా దక్కింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ రోగవర్గీకరణ 11వ కూర్పులో, మూడు నెలలకు మించి నిలిచే శస్త్రచికిత్సానంతర నొప్పికి ప్రత్యేక స్థానం లభించింది. 1979లో నొప్పికి నిర్వచనమిచ్చిన అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో దాన్ని సవరిస్తూ, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని వివరణలో చేర్చింది. వైద్యశాస్త్రం ఈ వాక్యాన్ని ప్రత్యేకంగా రాసుకోవలసి రావడమే అంతకుముందటి చరిత్రకు సాక్ష్యం.

10. తెలుగులో నొప్పి మాటలు

రోగి మాటకు విలువ ఉన్నప్పుడు ఆ మాట ఏ భాషలో ఉందన్నది ముఖ్యమవుతుంది. 1975లో రోనల్డ్ మెల్జాక్ రూపొందించిన మెక్‌గిల్ ప్రశ్నావళి 78 ఆంగ్ల విశేషణాలను 20 వర్గాలుగా విభజించి, రోగి ఎంచుకొన్న మాటలను బట్టి నొప్పి స్వభావాన్ని అంచనా వేసింది. నొప్పి ఎంత అన్న ప్రశ్నతోపాటు ఎటువంటిది అన్న ప్రశ్నను అది వైద్యంలోకి తెచ్చింది.

తెలుగులో ఈ రెండో ప్రశ్నకు సమృద్ధమైన పదజాలం ఉంది. నొప్పి సామాన్యవాచకం. పోటు పొడిచినట్టు వచ్చే నొప్పి: పంటిపోటు, తలపోటు. సలుపు పుండులోనో గాయంలోనో అలలుగా లేచే నొప్పి. తీపు ఒళ్ళంతా లాగేసే మందమైన బాధ. గుంజడం, లాగడం నరం వెంట సాగే నొప్పిని చెబుతాయి. జివ్వుమనడం, చురుక్కుమనడం క్షణికమైన తీవ్రతను ధ్వన్యనుకరణంతో పట్టుకొంటాయి. మంట, తిమ్మిరి వేరే స్పర్శానుభవాలు.

జ్ఞానదంతం తీసిన తరువాతి దశలను ఈ మాటలు చక్కగా వేరుచేయగలవు. మత్తు ఉన్నంతసేపు తిమ్మిరి. దిగగానే పోటు. గడ్డ చెదిరిన గుంటలో ఎడతెగని సలుపు. అది చెవిలోకి గుంజుతుంది. నాడికి దెబ్బ తగిలితే మంట, జివ్వుమనడం. పోటు నుంచి సలుపుకు, సలుపు నుంచి మంటకు రోగి మాట మారడం వైద్యునికి సూచన కాగలదు. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమన్నప్పుడు ఈ తేడా అంతా మరుగున పడుతుంది.

వ్యాకరణం కూడా గమనింపదగినది. ‘నాకు నొప్పిగా ఉంది’ అన్న వాక్యంలో అనుభవించేవాడు చతుర్థిలో ఉంటాడు. నొప్పి అతనికి కలిగినది. ‘పన్ను సలుపుతోంది’ అన్నప్పుడు పన్నే కర్త. పన్ను తీసిన తరువాత ఆ కర్త ఉండదు. అప్పుడు తెలుగువారు ‘పన్ను తీసిన చోట సలుపుతోంది’ అంటారు. లేని పంటికి బదులు దాని స్థలం వాక్యంలోకి వస్తుంది. అధిమాంసాన్ని స్థానంతో గుర్తించిన సుశ్రుతుడూ, గుంటకు పేరు పెట్టిన క్రాఫర్డూ చూసినది ఆ స్థలాన్నే. వారు చెప్పని సలుపును ఈ వాక్యం చెబుతోంది.

డ్రై సాకెట్‌ను ‘పొడిగుంట’ అని అనువదిస్తే ఆంగ్లనామంలోని లోటు అట్లాగే తెలుగులోకి వస్తుంది. ‘సలుపుగుంట’ వంటి మాట లాటిన్ ‘డోలొరోసా’ నిలుపుకొన్న అంశాన్ని తిరిగి తేగలదు. వైద్యపరిభాషను నిర్మించేవారు గ్రంథపదాలతోపాటు రోగుల వ్యవహారపదాలను కూడా సేకరించవలసిన అవసరాన్ని ఈ చిన్న ఉదాహరణ తెలుపుతుంది. మాండలిక భేదాలతో కూడిన నొప్పి పదకోశం తయారైతే అది నిఘంటుశాస్త్రానికీ వైద్యానికీ ఉమ్మడి ఉపకరణం అవుతుంది.

11. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ప్రాచీన వైద్యం పన్ను తీసిన తరువాతి దినాలను చికిత్సలో భాగంగా చూసింది. అయితే కనిపించే గుర్తులకే విలువనిచ్చింది. 1844 తరువాత క్షణవేదనపై సాధించిన విజయం తరువాతి వేదనను చరిత్ర కథనాల అంచుకు నెట్టింది. 1896లో పేరు, 1973లో కారణసిద్ధాంతం, 1976లో కొలమానం, 2002లో నిర్వచనం, 2022లో దీర్ఘవేదనకు వర్గీకరణలో స్థానం – ఈ మెట్ల మీదుగా రోగి మాట క్రమంగా సాక్ష్యం స్థాయికి చేరింది.

ఈ క్రమంలో ప్రతి మెట్టూ ఆంగ్లంలోనో లాటిన్‌లోనో జరిగింది. తెలుగునేలపై దంతవైద్యుని ఎదుట కూర్చున్న రోగి మాత్రం సలుపుతోందనే అంటాడు. పోటుకూ సలుపుకూ తేడా తెలిసిన వైద్యుడు ఆ మాటను లక్షణంగా నమోదు చేయగలడు. తెలియని వైద్యునికి అది ఉత్త నొప్పే. ఆ తేడాను గ్రంథస్థం చేయవలసిన బాధ్యతలో దంతవైద్య కళాశాలలతోపాటు తెలుగు శాఖలకూ భాగముంది.